ల్యాబ్‌లో స్మార్ట్ ఫ్యాక్టరీ లైను: ఆర్‌ఎఫ్‌ఐడీతో సరుకు జాడ పట్టడం ఎలా నేర్పాలి

ఒంగోలు, కందుకూరు, కావలి, నెల్లూరు వైపు పాలిటెక్నిక్‌లలో, ఐటీఐల్లో పాఠం చెప్పేవాళ్లు నన్ను తరచూ అడిగేది ఒకటే. "కన్వేయర్ ఉంది, రీడర్లు కొన్నాం, ట్యాగ్‌లున్నాయి. విడివిడిగా అన్నీ పనిచేస్తున్నాయి. లైను నడిపితే మాత్రం లెక్క తేలట్లేదు. ఎక్కడ పోతోంది సార్?"

ఆర్‌ఎఫ్‌ఐడీ అంటే రేడియో తరంగాలతో వస్తువుని గుర్తుపట్టడం. ట్యాగ్ అంటే తనకంటూ ఒక నంబరున్న చిన్న చిప్, రీడర్ అంటే దాన్ని తాకకుండా చదివే పరికరం. లెక్క దాదాపు ప్రతిసారీ ఒకేచోట పోతోంది. రీడర్ చెప్పగలిగింది ఒక్కటే: "ఈ నంబరు ట్యాగ్ ఇప్పుడు నా ముందుంది." ముక్క అప్పుడే వచ్చిందా, పని అయిందా, వెళ్లిపోయిందా అన్నది దానికి తెలియదు. వాటిని మనం తేల్చి రాసుకోవాలి. అది తేల్చకుండా వైర్లు కలిపితే ఎంత మంచి రీడరైనా లెక్క కుదరదు. అందుకే ఈ మార్గదర్శిలో మొదటి రెండు మెట్లకీ కరెంటు అక్కర్లేదు.

ఇక్కడ చెప్పే లైనులో నాలుగు స్టేషన్లు: లోడింగ్, డ్రిల్లింగ్, తనిఖీ, ప్యాకింగ్. ఒక పొడవాటి బల్ల సరిపోతుంది. ముప్పై మంది ఉన్న తరగతిని ఐదుగురు చొప్పున ఆరు జట్లు చేసి తిప్పండి.

## 1. ముందు ప్రశ్నలు రాయించండి

మొదటి రోజు రీడర్ పెట్టె తెరవకండి. ఈ లైనును రేపు ఏమేం అడుగుతామో పిల్లల చేతే బోర్డు మీద రాయించండి. నేను కనీసం ఈ నాలుగూ రాబడతాను:

- 17వ ముక్క ఇప్పుడు ఎక్కడుంది?
- డ్రిల్లింగ్ దగ్గర అది ఎంతసేపు ఆగింది?
- తనిఖీలో పక్కన పెట్టిన ముక్కలు ఏ బ్యాచ్‌వి?
- 10:40కి డ్రిల్ బిట్ మొన విరిగింది, 10:50కి మార్చాం. ఆ పది నిమిషాల్లో దాని కిందికి పోయిన ముక్కలేవి?

అన్నిటికన్నా బరువైనది నాలుగో ప్రశ్న. సరుకు జాడ పట్టడం అవసరమయ్యేది అలాంటి రోజునే. మన జిల్లాల పిల్లలకి దీన్ని రొయ్యలతో చెబితే వెంటనే అందుతుంది. ఎగుమతికి పోయిన పెట్టెల్లో ఒకదాని మీద అవతలి దేశంలో అభ్యంతరం వస్తే, అది ఏ చెరువు పంటో, అదే చెరువు సరుకు ఇంకా ఏ పెట్టెల్లోకి పోయిందో చెప్పగలగాలి. చెప్పలేకపోతే మొత్తం సరుకునీ అనుమానించాల్సి వస్తుంది. చాలామంది పిల్లల ఇళ్లలో ఎవరో ఒకరు చెరువుల మీదో ప్రాసెసింగ్ ప్లాంటులోనో పనిచేస్తుంటారు. ఇంట్లో అడిగి రమ్మనండి, మరుసటి రోజు ప్రశ్నలు పెరుగుతాయి.

## 2. కాగితం మీద ఒకసారి నడపండి

పది చెక్క ముక్కల మీద సుద్దతో నంబర్లు వేయండి. నాలుగు స్టేషన్ల దగ్గర నలుగురిని నోటుపుస్తకాలతో కూర్చోబెట్టండి. ముక్క రాగానే నంబరు, వచ్చిన టైము రాయాలి. పంపేటప్పుడు వెళ్లిన టైము రాయాలి. ఐదో మనిషి ముక్కల్ని చేత్తో జరుపుతాడు.

పది ముక్కలూ అయ్యాక పుస్తకాలు తీసుకుని పై నాలుగు ప్రశ్నలూ అడగండి. మూడు తేడాలు బయటపడతాయి. ఒకరి వాచీ రెండు నిమిషాలు ముందుంటుంది. ఒకరు వచ్చిన టైము రాసి వెళ్లింది మరిచిపోయుంటారు. ఇంకొకరు ఒకే ముక్కని రెండుసార్లు ఎక్కించి ఉంటారు.

గడియారాల తేడా, చదవకుండా జారిపోవడం, రెండుసార్లు చదవడం. ఎలక్ట్రానిక్ లైనులో ముందుముందు వచ్చే పెద్ద తప్పులు కూడా ఇవే. ముందు చేత్తో చేసిన పిల్లవాడు తర్వాత తెర మీద వాటిని గుర్తుపడతాడు. ఈ మెట్టు చేయకుండా వదిలేసిన జట్టు మాత్రం రీడర్ పాడైందంటుంది.

మేం మొదటి ఏడాది ఈ మెట్టు చేయకుండా వదిలేశాం. వైరింగ్, ప్రోగ్రామ్ అన్నీ పూర్తిచేశాక, బయటివాళ్లు చూడటానికి వచ్చిన రోజున ఒకే ముక్క ఒకే నిమిషంలో మూడు స్టేషన్లలో ఉన్నట్టు తెర మీద కనబడింది. రీడర్లన్నీ బాగానే ఉన్నాయి. 'వచ్చింది' అంటే ఏమిటో మేమే తేల్చుకోలేదు.

నోటుపుస్తకంలో పిల్లలు గీసిన గడులే తర్వాత డేటాబేస్ పట్టిక అవుతాయి. ఆ కాగితాలు దాచండి.

## 3. సామాను: ఏది, ఎందుకు

ఆర్‌ఎఫ్‌ఐడీలో పౌనఃపున్యాన్ని బట్టి స్వభావం మారుతుంది. ల్యాబ్‌కి పనికొచ్చేంత వరకే చెబుతాను.

- 125 కిలోహెర్ట్జ్: పాత హాజరు కార్డుల్లో కనిపిస్తుంది. ఈ లైనుకి వద్దు.
- 13.56 మెగాహెర్ట్జ్: కొన్ని సెంటీమీటర్ల దూరంలో ఒక్కో ట్యాగ్‌ని కచ్చితంగా చదువుతుంది. స్టేషన్ల దగ్గర ఇదే వాడండి.
- యూహెచ్‌ఎఫ్ (ఇంకా చాలా ఎక్కువ పౌనఃపున్యం): కొన్ని మీటర్ల దూరం, ఒకేసారి చాలా ట్యాగ్‌లు. ఫాస్టాగ్ ఈ కోవదే. గోడౌన్ గేటుకి బాగుంటుంది, పక్కపక్కనే స్టేషన్లున్న బల్లకి కుదరదు. దీని సంగతి చివర్లో.

కొనాల్సినవి:

- ఆర్‌సీ522 రీడర్ మాడ్యూల్ (13.56 మెగాహెర్ట్జ్‌ది) స్టేషన్‌కి ఒకటి, అదనంగా రెండు
- ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రామ్ నడిపే, వైఫై ఉన్న చిన్న బోర్డు) స్టేషన్‌కి ఒకటి, అదనంగా ఒకటి
- 25 మిల్లీమీటర్ల ఎన్‌ట్యాగ్213 స్టిక్కర్లు (ఇవే మన ట్యాగ్‌లు) 50
- మైఫేర్ క్లాసిక్ కార్డులు (కార్డు రూపంలో ఉన్న ట్యాగ్‌లు) నాలుగైదు, రాసే అభ్యాసానికి
- ముక్క వచ్చిందని చెప్పే ఐఆర్ సెన్సర్ స్టేషన్‌కి ఒకటి
- గేర్ మోటారుతో నడిచే చిన్న బెల్టు, దానికి వేరే పవర్ సప్లై
- సర్వర్‌గా ఒక పాత ల్యాప్‌టాప్ లేదా రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్
- లైనుకి మాత్రమే వాడే వైఫై రూటర్

సర్వర్‌కీ రూటర్‌కీ చిన్న యూపీఎస్ పెట్టండి. రాస్ప్‌బెర్రీ పైకి కరెంటు ఉన్నట్టుండి పోతే మెమరీ కార్డులోని ఫైళ్లు చెడిపోవచ్చు. నెల రోజుల రికార్డు ఒక్క కోతలో పోగొట్టుకోవద్దు.

ముక్కలకి చెక్క మంచిది. ఉదయగిరిలో చెక్క చెంచాలు చేసే చేతులున్నాయి కదా, అలాంటి పనివాళ్ల చేత 60 మిల్లీమీటర్ల చదరం, 20 మిల్లీమీటర్ల మందంతో కోయించుకోండి. ఆరిన చెక్క రేడియో తరంగాలకి పెద్దగా అడ్డుపడదు. పైగా నిజంగానే డ్రిల్ చేయొచ్చు.

## 4. ట్యాగ్ ముక్కకా, పళ్లేనికా?

ఇది కొనేముందే తేల్చుకోవాలి.

ట్యాగ్ ముక్కకే అంటిస్తే దాని చరిత్ర చివరిదాకా దాంతోనే పోతుంది. కానీ డ్రిల్లింగ్‌లో ట్యాగ్ దెబ్బతినే ప్రమాదముంది, ప్రతి ముక్కకీ కొత్త స్టిక్కర్ కావాలి. ముక్కని మోసే పళ్లేనికి ట్యాగ్ బిగిస్తే పది ట్యాగ్‌లతో ఏడాది గడుస్తుంది. అయితే పళ్లెం ఖాళీ అయి మళ్లీ కొత్త ముక్కతో వస్తుంది కాబట్టి, ఏ పళ్లెంలో ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఏ ముక్క ఉందో రాయాల్సిందే.

నేర్పడానికి పళ్లెమే మేలని నా అభిప్రాయం. పళ్లేనికీ ముక్కకీ ఇలా ముడి వేయడం, విప్పడం నేర్చుకున్న పిల్లవాడికి అసలు ఫ్యాక్టరీలో కొత్తగా అనిపించదు.

పళ్లెం అడుగున సరిగ్గా మధ్యలో 1 మిల్లీమీటరు లోతు గుంట చేసి స్టిక్కర్ అందులో అంటించండి. బెల్టుకి రాసుకుపోకుండా పైన పారదర్శక టేపు వేయండి. స్టిక్కర్‌ని మడవకండి. లోపలి యాంటెన్నా చుట్ట తెగితే బయటికి ఏమీ కనబడదు గానీ ట్యాగ్ పోయినట్టే.

ఇక్కడ ఒక గంట కొలతల అభ్యాసం పెట్టండి. ఒకే ట్యాగ్‌ని చెక్క మీద, అక్రిలిక్ మీద, చీమకుర్తి గ్రానైట్ ముక్క మీద, స్టీలు పళ్లెం మీద, నీళ్ల సీసా మీద పెట్టి, ఎంత దూరం దాకా చదువుతుందో స్కేలుతో కొలిచి రాయమనండి. స్టీలు మీద అసలు పలకదు. లోహంలో పుట్టే సుడి ప్రవాహాలు రీడర్ అయస్కాంత క్షేత్రానికి ఎదురుతిరుగుతాయి, ట్యాగ్ యాంటెన్నా శ్రుతి కూడా తప్పుతుంది. ట్యాగ్‌లో బ్యాటరీ లేదు, రీడర్ క్షేత్రం నుంచే దానికి శక్తి అందాలి. ఆ క్షేత్రం అణిగితే అది లేవదు. ఈ గంట గడిచాక ఆ సంగతి మళ్లీ పాఠంగా చెప్పక్కర్లేదు.

## 5. రీడర్‌ని బెల్టు కింద బిగించడం

బెల్టు పీవీసీదైతే పర్వాలేదు. దాని కింద జారుడు పలక ఇనుముదో అల్యూమినియందో అయితే రీడర్ ఉండేచోట కిటికీలా కోయాలి. రీడర్ యాంటెన్నా అంచు నుంచి చుట్టూ రెండు సెంటీమీటర్లయినా లోహం ఉండకూడదు. కోయడం కుదరకపోతే రీడర్‌ని పక్కనుంచి చదివేలా పెట్టి, ట్యాగ్‌ని పళ్లెం పక్కకి మార్చండి. ఫెర్రైట్ షీటు (క్షేత్రం లోహంలోకి పోకుండా ఆపే పలచటి పలక) దొరికితే లోహానికీ యాంటెన్నాకీ మధ్య వేయొచ్చు.

మా బల్ల మీద 25 మిల్లీమీటర్ల స్టిక్కర్‌ని ఆర్‌సీ522 నిలకడగా చదివేది రెండు మూడు సెంటీమీటర్ల లోపే. బెల్టు మందం, పళ్లెం అడుగు అన్నీ కలిపినా యాంటెన్నా నుంచి ట్యాగ్ దాకా 15 మిల్లీమీటర్లు దాటకుండా చూసుకోండి.

రెండు రీడర్లని దగ్గరదగ్గరగా పెట్టకండి. ఒకదాని క్షేత్రం ఇంకొకదాన్ని కలవరపెడుతుంది. చదివే దూరానికి కనీసం ఐదు రెట్లు ఎడం ఉంచుతాను.

తర్వాత వేగం లెక్క. దీన్ని పిల్లల చేతే చేయించండి. బెల్టు మీద సుద్దగీత గీసి, అది ఒక మీటరు పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. పది సెకన్లయితే వేగం సెకనుకి 10 సెంటీమీటర్లు. ట్యాగ్ చదవగలిగే మేర 3 సెంటీమీటర్లు అనుకుంటే, ట్యాగ్ రీడర్ ముందుండేది 0.3 సెకను. ఆ లోపు కనీసం మూడుసార్లు చదివే అవకాశం ఉండాలి. అంటే ప్రోగ్రామ్ ఒక్క చుట్టు 0.1 సెకనులో తిరిగి రావాలి.

ఇంటర్నెట్‌లో దొరికే నమూనా ప్రోగ్రామ్‌లు చాలావాటిలో చదివాక ఒక సెకను ఆగే లైను ఉంటుంది. చేత్తో కార్డు చూపిస్తే అది తెలియదు. బెల్టు మీద మాత్రం ఆ ఆగిన సమయంలో వచ్చిన పళ్లేలు జారిపోతాయి. "కార్డు చూపిస్తే చదువుతోంది, బెల్టు మీద చదవట్లేదు సార్" అని ఎవరన్నా అంటే ముందు ఆ లైను వెతకండి.

## 6. వైరింగ్

ఆర్‌సీ522కి 3.3 వోల్టులే ఇవ్వాలి. 5 వోల్టులిస్తే మాడ్యూల్ పోతుంది. ఈఎస్‌పీ32 కూడా 3.3 వోల్టుల బోర్డే కాబట్టి మధ్యలో లెవెల్ మార్చే సర్క్యూట్ అక్కర్లేదు. 5 వోల్టుల ఆర్డుయినో ఊనో బోర్డు కన్నా దీన్ని ఎంచుకోవడానికి అదొక కారణం, వైఫై ఇంకొక కారణం.

మేం వాడే కలయిక (ఎడమన రీడర్ పిన్ను, కుడిన ఈఎస్‌పీ32 పిన్ను నంబరు):

- ఎస్‌డీఏ అని రాసున్న పిన్ను → 5
- ఎస్‌సీకే → 18
- మీసో → 19
- మోసీ → 23
- రీసెట్ → 22
- 3.3 వోల్టు, గ్రౌండ్

బోర్డూ రీడరూ ఇక్కడ ఎస్‌పీఐ అనే పద్ధతిలో మాట్లాడుకుంటాయి. మాడ్యూల్ మీద ఎస్‌డీఏ అని ఉన్నా, ఎస్‌పీఐలో అది చిప్ ఎంపిక పిన్ను. ఆ పేరు చూసి ఐ2సీ అనే వేరే పద్ధతి పిన్నుకి కలిపేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

జంపర్ వైర్లు 15 సెంటీమీటర్లు దాటనివ్వకండి. ఒకే బోర్డుకి నాలుగు రీడర్లు కలిపి బల్లంతా వైర్లు లాగాలన్న ఆలోచన వస్తుంది. సర్క్యూట్ ప్రకారం అది సాధ్యమే, కానీ పొడవాటి ఎస్‌పీఐ వైర్లు మోటారు రొదని పట్టుకుంటాయి. స్టేషన్‌కో బోర్డు పెట్టడమే మేలు. ఒకటి చెడినా మిగతా జట్లు పని ఆపక్కర్లేదు.

మోటారుకి వేరే సప్లై ఇచ్చి, గ్రౌండ్‌లు రెండూ ఒకచోట కలపండి. మోటారు రెండు కొసల మధ్య 100 నానోఫారడ్ కెపాసిటర్ వేయండి. లేకపోతే బెల్టు ఆన్ చేసిన క్షణంలో రీడర్ మొద్దుబారుతుంది, ఎవరికీ కారణం తెలియదు.

కరెంటు ఇచ్చాక రీడర్ వెర్షన్ నంబరు అడిగే ప్రోగ్రామ్ ముందు నడపండి. హెక్స్‌లో 91 లేదా 92 అని వస్తే సరే. 88 వస్తే అది అసలు కంపెనీ చిప్ కాదు, అయినా చాలావరకు పనిచేస్తుంది. 00 లేదా ఎఫ్‌ఎఫ్ వస్తే బోర్డుకీ రీడర్‌కీ మాట కలవలేదన్నమాట. అప్పుడు ప్రోగ్రామ్ ముట్టుకోకుండా పిన్నులు చూడండి. ఈ మాడ్యూళ్లతో పిన్నుల వరస విడిగా వస్తుంది. దాన్ని సోల్డరింగ్ చేయకుండా రంధ్రాల్లో దూర్చి వదిలేయడమే నేను ఎక్కువగా చూసిన తప్పు.

నెల్లూరు, కొత్తపట్నం లాంటి తీరం వైపు ల్యాబ్‌ల్లో ఉప్పుగాలికి పిన్నులు త్వరగా మసకబారతాయి. సెలవులకి ముందు బోర్డులు గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టి వెళ్లండి.

## 7. ప్రోగ్రామ్‌లో పాటించాల్సిన నియమాలు

కోడ్ ఎవరి భాషలో వాళ్లు రాసుకోవచ్చు. నియమాలు మాత్రం మార్చకండి.

ముక్క ఉందని సెన్సర్ చెప్పాలి, అది ఏ ముక్కో రీడర్ చెప్పాలి. ఈ రెండు పనులూ రీడర్ మీదే వేయకండి. ఐఆర్ సెన్సర్ 'ఏదో వచ్చింది' అనగానే బెల్టు ఆపి, రెండు సెకన్లపాటు చదవడానికి ప్రయత్నించాలి. చదివితే 'వచ్చింది' అని రాయాలి. రెండు సెకన్లలో చదవకపోతే 'గుర్తించలేదు' అని కూడా రాయాలి, పళ్లేన్ని పక్కకి తీయాలి. ఈ 'గుర్తించలేదు' వరస రాయని లైనులో జారిపోయిన ముక్కల సంగతి ఎప్పటికీ తెలియదు. నా దృష్టిలో ప్రోగ్రామ్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన వరస అదే.

అదే ట్యాగ్ అదే స్టేషన్‌లో కదలకుండా ఉంటే రెండోసారి రాయకూడదు. సెన్సర్ ముందు ఖాళీ అయ్యేదాకా కొత్త 'వచ్చింది' పుట్టకూడదు. ఇన్ని సెకన్లని లెక్క పెట్టే కన్నా ఇది నమ్మకం. డ్రిల్లింగ్ ఒకరోజు ఐదు సెకన్లు, ఇంకోరోజు యాభై సెకన్లు పట్టొచ్చు.

'వెళ్లింది' అనేది సెన్సర్ ఖాళీ అయినప్పుడు పుడుతుంది. అప్పుడు ట్యాగ్ చదవడం కుదరదు, ముందు చదివిన నంబరునే వాడాలి.

ట్యాగ్ నంబరు రాసేటప్పుడు ప్రతి బైటునీ రెండక్షరాలుగా రాయించండి. ఎన్‌ట్యాగ్ నంబర్లు 04తో మొదలవుతాయి. సాధారణ ప్రింట్ ఆదేశం ముందున్న సున్నాని మింగేసి 4 అని వేస్తుంది. ఒక బోర్డు 04 అని, ఇంకొకటి 4 అని పంపితే సర్వర్‌కి అవి రెండు వేర్వేరు పళ్లేలు.

జాబితాలో లేని ట్యాగ్ కనిపిస్తే వదిలేయాలి. 13.56 మెగాహెర్ట్జ్‌లో పనిచేసే కార్డులు పిల్లల పర్సుల్లో కూడా ఉంటాయి, బల్ల మీదికి వంగితే రీడర్ వాటినీ పట్టుకుంటుంది. వాటి నంబర్లు మన రికార్డులోకి ఎక్కకూడదు. ఇది సాంకేతిక జాగ్రత్తే కాదు, మర్యాద కూడా. ఆ మాట పిల్లలతో అనండి.

టైము విషయం. నాలుగు బోర్డుల గడియారాలని నమ్మే బదులు సర్వర్ అందుకున్న టైమునే రాయండి. బోర్డు మాత్రం ప్రతి సంఘటనకీ వరస నంబరు, అది జరిగి ఎన్ని మిల్లీసెకన్లయిందో పంపాలి. వైఫై తెగితే సంఘటనల్ని బోర్డు దాచుకుని కలిశాక పంపుతుంది, సర్వర్ ఆ ఆలస్యాన్ని తీసేసి అసలు టైము రాస్తుంది. బోర్డులోనే ఇంటర్నెట్ టైము వాడేవాళ్లు, అది గ్రీనిచ్ లెక్కలో వస్తుంది కాబట్టి, 19800 సెకన్లు కలపడం మరవకండి. కలపకపోతే రికార్డంతా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది.

బోర్డు నుంచి సర్వర్‌కి చిన్న చిన్న సందేశాలు పంపడానికి ఎంక్యూటీటీ అనే పద్ధతి సరిపోతుంది.

## 8. మూడు పట్టికలు

- ముక్కలు: ముక్క నంబరు, బ్యాచ్, ప్రస్తుత స్థితి
- ముడులు: ట్యాగ్ నంబరు, ముక్క నంబరు, ముడి వేసిన టైము, విప్పిన టైము
- సంఘటనలు: వరస నంబరు, స్టేషన్, ట్యాగ్ నంబరు, వచ్చింది / వెళ్లింది / గుర్తించలేదు, టైము

ట్యాగ్ నంబరునే ముక్క నంబరుగా వాడొద్దు. రెండో బ్యాచ్‌లో అదే పళ్లెం వచ్చినప్పుడు పాత ముక్క చరిత్ర కొత్త ముక్క మీద పడుతుంది. లోడింగ్‌లో ముడి వేయాలి, ప్యాకింగ్‌లో విప్పాలి. విప్పని ట్యాగ్ మళ్లీ లోడింగ్‌కి వస్తే ఎర్రదీపం వెలగాలి.

సంఘటనల పట్టికలో ఎవరూ ఏదీ దిద్దకూడదు, చెరపకూడదు. తప్పు రాస్తే సరిదిద్దే కొత్త వరస చేర్చాలి. పిల్లలకి ఇది మొదట్లో చాదస్తంగా అనిపిస్తుంది. డ్రిల్ బిట్ ప్రశ్న అడిగిన రోజు అర్థమవుతుంది.

ట్యాగ్ నంబర్ల గడిని ఎప్పుడూ టెక్స్టుగానే ఉంచండి. స్ప్రెడ్‌షీట్‌లో తెరిస్తే ముందు సున్నాలు పోతాయి. మధ్యలో ఒక్క ఇంగ్లీషు 'E' అక్షరం ఉండి మిగతావన్నీ అంకెలైన నంబరుని అది పెద్ద సంఖ్యగా మార్చేస్తుంది. అలా మార్చి దాచిన ఫైలు నుంచి అసలు నంబరు తిరిగి రాదు.

## 9. ట్యాగ్‌లో రాయడం: రెండో వారం అభ్యాసం

మొదటి వారం ట్యాగ్ నంబరు మాత్రమే చదవండి. అది నిలబడ్డాకే ఇది మొదలుపెట్టండి.

ఎన్‌ట్యాగ్213లో మనం వాడుకోగలిగింది 144 బైట్లు, 4వ పేజీ నుంచి 39వ పేజీ దాకా, పేజీకి 4 బైట్లు. ఒక పేజీలో 'తర్వాత చేయాల్సిన పని' అంకెగా రాయించండి. డ్రిల్లింగ్ అయ్యాక 1ని 2 చేయాలి. రాశాక వెంటనే తిరిగి చదివి సరిచూసుకోవాలి, ఎందుకంటే రాస్తున్నప్పుడు పళ్లెం కదిలితే సగమే పడొచ్చు.

ఇప్పుడు రూటర్ ఆపేయండి. నంబరు మాత్రమే చదివి సర్వర్‌ని అడిగే లైను నిలిచిపోతుంది. ట్యాగ్‌లో రాసుకున్న లైను నడుస్తూనే ఉంటుంది. సమాచారం సరుకుతో పాటు పోవాలా, సర్వర్‌లో ఉండాలా అన్న చర్చ అక్కడ మొదలవుతుంది. ఆ పూట వేరే పని పెట్టుకోకండి, వాదించుకోనివ్వండి.

మైఫేర్ క్లాసిక్ కార్డు వాడితే 3, 7, 11 అలా ప్రతి నాలుగో బ్లాకులో రాయకూడదు. తాళంచెవులు, అనుమతులు అక్కడుంటాయి. తప్పుగా రాస్తే ఆ భాగం శాశ్వతంగా మూసుకుపోవచ్చు. అభ్యాసానికి 4వ బ్లాకు వాడండి.

## 10. వంద సార్లు పరీక్ష

25 ముక్కలు, 4 స్టేషన్లు: 100 రాకలు. ఒక జట్టు లైను నడపాలి, ఇంకో జట్టు నోటుపుస్తకంలో చేత్తో రాయాలి. చివర్లో రెండూ పక్కపక్కన పెట్టి మూడు అంకెలు తీయండి: జారిపోయినవి, రెండుసార్లు పడినవి, తప్పు నంబరుతో పడినవి.

'గుర్తించలేదు' అని రాసినవి జారిపోయినట్టు కాదు, లైను తన లోపాన్ని తానే చెప్పింది. ఏమీ రాయకుండా పోయినవే జారిపోయినవి. అవి సున్నా అయ్యేదాకా తర్వాతి మెట్టుకి పోకండి.

పరీక్ష అప్పుడు మోటార్లు, ఫ్యాన్లు, డ్రిల్ అన్నీ ఆన్‌లో ఉండాలి. నిశ్శబ్దంగా ఉన్న ల్యాబ్‌లో వచ్చిన వందకి వందని లెక్కలోకి తీసుకోకండి.

అది దాటాక కావాలనే చెడగొట్టండి, ఎవరికీ చెప్పకుండా. ఒక పళ్లెం కింద అల్యూమినియం రేకు అంటించండి. ఒకదాని మీద రెండు ట్యాగ్‌లు పెట్టండి. ఒక పళ్లేన్ని తనిఖీ దాటించి నేరుగా ప్యాకింగ్‌లో దించండి. నడుస్తుండగా ఒక బోర్డు వైఫై ఆపండి. జట్టు రికార్డు మాత్రమే చూసి ఏం జరిగిందో చెప్పాలి, బల్ల దగ్గరికి రాకూడదు. నేను మార్కులు ఎక్కువగా ఇచ్చేది దీనికే.

## 11. లక్షణం, చూడాల్సిన చోటు

- ఒక్క స్టేషన్‌లోనే అప్పుడప్పుడు చదవట్లేదు: ట్యాగ్ ఎత్తు, పక్కన లోహం, సోల్డరింగ్.
- ఒక్క పళ్లెమే అన్ని స్టేషన్లలో చదవట్లేదు: ఆ స్టిక్కర్ మార్చండి.
- బెల్టు ఆన్ చేశాకే తప్పులు: మోటారు రొద, గ్రౌండ్.
- అన్ని టైములూ ఒకే తేడాతో: 19800.
- తెలియని నంబర్లు: ఎవరి జేబులోనో కార్డు.
- ముక్క రెండు స్టేషన్లలో ఒకేసారి: 'వెళ్లింది' పుట్టడం లేదు, ఐఆర్ సెన్సర్ అద్దం తుడవండి. డ్రిల్లింగ్ పొట్టు దాని మీద పేరుకుంటుంది.

## 12. యూహెచ్‌ఎఫ్ గేటు పెట్టాలనుకుంటే

ప్యాకింగ్ దాటి తలుపు దగ్గర పెట్టెలన్నీ ఒకేసారి లెక్కపెట్టడానికి ఇది బాగుంటుంది. పిల్లలకి ముందు టంగుటూరు టోల్‌ప్లాజా గుర్తుచేయండి. కారు అద్దానికి అంటించిన ఫాస్టాగ్‌లో కూడా బ్యాటరీ ఉండదు.

రీడర్ కొనేముందు అది మన దేశపు 865–868 మెగాహెర్ట్జ్ పరిధిలో పనిచేస్తుందో లేదో చూడండి. అమెరికా కోసం చేసినవి 902–928లో పనిచేస్తాయి. ఆ పరిధి కొంత మనదగ్గర మొబైల్ ఫోన్లకి కేటాయించిన దాని మీద పడుతుంది, ఇక్కడ వాడకూడదు. సెట్టింగుల్లో దేశం ఎంచుకున్నాకే యాంటెన్నా కలిపి ఆన్ చేయండి.

13.56లో చదవకపోవడం సమస్య అయితే, ఇక్కడ ఎక్కువ చదవడమే సమస్య. మూలన అలమరాలో ఉన్న ట్యాగ్‌లు కూడా లెక్కలో పడతాయి. పవర్ అతి తక్కువతో మొదలుపెట్టి, గేటు కింద ఉన్నవి అన్నీ వచ్చేదాకా కొద్దికొద్దిగా పెంచండి. యాంటెన్నాని గది లోపలికి కాకుండా నేలవైపు వంచండి.

నీళ్లు యూహెచ్‌ఎఫ్ తరంగాల్ని మింగేస్తాయి. రెండు ప్లాస్టిక్ క్రేట్లు తీసుకుని ఒకటి ఖాళీగా, ఇంకొకటి ఐసు నింపి, రొయ్యల క్రేటు మోసినట్టే గేటు కింద మోయించండి. ట్యాగ్‌ని క్రేటు గోడకి ఆనించి ఒకసారి, పిడికి వేలాడదీసి ఒకసారి. ఐసు కరిగి నీళ్లయ్యేకొద్దీ అంకెలు ఎలా మారతాయో పావుగంటకోసారి రాయించండి. ఈ అభ్యాసానికి ల్యాబ్ బయట నేల తడిసినా పర్వాలేని చోటు ఎంచుకోండి, విద్యుత్ బోర్డుకి దూరంగా.

## రోజూ లైను వేసేముందు

- సర్వర్ గడియారం సరిగ్గా ఉందా
- నాలుగు రీడర్లూ తమ వెర్షన్ నంబరు (91, 92, కొన్నిటికి 88) చెబుతున్నాయా
- ఐఆర్ సెన్సర్లు తుడిచారా
- విప్పని ముడులు నిన్నటివి ఏమైనా మిగిలాయా
- పరీక్ష పళ్లెం ఒక్కటి నాలుగు స్టేషన్లూ తిరిగి ఎనిమిది వరసలు రాసిందా

ఎనిమిదికి ఏడు వస్తే ఆ ఒక్కటీ దొరికేదాకా బెల్టు మీద ముక్క పెట్టకండి.